ఖాలా రుచి చూడని కాఫీ

ఇంట్లో కాఫీ కాచే కరెంటు పర్కొలేటర్ స్విచ్ వేసినప్పుడల్లా ఖాలాను తలుచుకుంటాను.

ఒకసారి మొఘల్‌పురాలో పాల వ్యాపారం చేసే స్నేహితురాలి ఇంట్లో దిగాను. పాలకు కొదవ లేదు గానీ అక్కడ కాఫీ ఎవరూ తాగరు. నా అలవాటు తెలిసి, అందరూ ఖాలా అని పిలిచే పక్కింటి పెద్దావిడ తన పర్కొలేటర్ పట్టుకొచ్చింది.

ఆమె రంజాన్ ఉపవాసంలో ఉంది. మూతమీది గాజుబుడిపెలో ఎగిరిపడే డికాక్షన్ రంగు చూసి స్విచ్ ఆపింది. పాలు, చక్కెర కలిపి ఇచ్చింది. ఆమె ఎదుట తాగలేకపోయాను.

"నా రోజా నాది, నీ కాఫీ నీది. ఫికర్ చెయ్యకు, తాగు బిడ్డా. నేను రుచి చూసేటట్టు లేదు, ఎట్లుందో నువ్వే చెప్పాలె."

"చక్కెర కొంచెం ఎక్కువైంది, ఖాలా" అన్నాను ఒక గుక్క తాగి.

మర్నాడు మళ్లీ తనే వచ్చి, చక్కెర తగ్గించి ఇచ్చింది. నేను గుక్క మింగి "కుదిరింది" అనేదాకా కూర్చోలేదు.