పడవలో పెళ్లిరాట

కాటలీనా దీవి దాకా వెళ్లి, దాని ఇసుక మీద కాలు పెట్టకుండా తిరిగివచ్చిన మనిషిని మీరెప్పుడూ చూసి ఉండరు. చూడాలనుకుంటే నన్ను చూడండి. అయిదు గంటలపాటు ఆ దీవికి ఎదురుగా, కేకేస్తే వినిపించేంత దూరంలో, పడవలోనే ఉండిపోయాను. ఆ అయిదు గంటల్లో ఎవరో తెల్లవాళ్ల అమ్మాయి పెళ్లిని దాదాపు చెడగొట్టాను, మా ఆయన ముక్కుకు లేని రోగం తెచ్చిపెట్టాను, బయటికి రమ్మని సూర్యుడి కాళ్లావేళ్లా పడ్డాను. సూర్యుడికి కాళ్లుంటాయా అని అడక్కండి. ఆ రోజు కనిపించి ఉంటే పట్టుకునేదాన్నే.

ఇది 1983 వేసవి నాటి మాట. మేము కాలిఫోర్నియాలో, ఆ దీవికి ఇవతలి ఒడ్డున, లాంగ్‌బీచ్‌లో ఉండేవాళ్లం. మా ఆయన నాకు మేనబావ. అందుకని పెళ్లయి అన్నేళ్లయినా బావా అనే పిలిచేదాన్ని. బావకు విమానాల విడిభాగాలు చేసే చోట ఉద్యోగం. నాకు ఇంట్లో ఉద్యోగం. అప్పటికి నాకు ఇంగ్లీషు వింటే తెలిసేది, మాట్లాడితే సగం వచ్చేది, చదవడం మాత్రం ఏ భాషలోనూ రాదు. ఆ సంగతి బావకు తప్ప ఎవరికీ తెలియనిచ్చేదాన్ని కాదు. ఎవరు ఏ కాగితం ఇచ్చినా కళ్లు చిట్లించి రెండు నిమిషాలు చూసి, తల పంకించి, మడిచి సంచిలో పెట్టుకునేదాన్ని. జడ్జీలు కూడా కాగితాలను అంత గంభీరంగా చూడరు.

ఆ వేసవిలో ఫ్రీమాంట్ నుంచి ప్రసాదు, సరళ మా ఇంటికి వచ్చారు. ప్రసాదు బావకు చిన్ననాటి స్నేహితుడు. సరళ అతని భార్య, డాక్టరు చదువు ముగింపులో ఉన్న పిల్ల. వస్తూనే రంగుల బొమ్మల కాగితం ఒకటి నా ముందు పరిచింది. నీలం నీళ్లు, తెల్ల పడవ.

"అక్కా, గ్రీస్ వెళ్లాలని నా డ్రీమ్. మా ఆయనతో అది ఈ జన్మకు అవదు. ఇది సేమ్ మెడిటరేనియన్‌లాగే ఉంటుందట. చిన్న యాట్, ఆరుగురే మనుషులు. పొద్దున వెళ్లి, బీచ్‌లో స్విమ్ చేసి, సాయంత్రానికి వచ్చేయడమే. బుక్ చేసేశాను."

"యాట్ అంటే?"

"తీరిక ఉన్నవాళ్ల పడవ," అన్నాడు బావ.

నేను అంతవరకు సముద్రం మీదకు వెళ్లి ఎరగను. కాబట్టి పద్ధతిగా సంచి సర్దాను. గంగమ్మకు ఇవ్వడానికి పసుపూ కుంకుమా. వాంతులు రాకుండా వాసన చూడడానికి ఆరు నిమ్మకాయలు. సముద్రస్నానం అయ్యాక మంచినీళ్ల స్నానానికి సబ్బు. మిగతా చోటంతా పులిహోర. సరళ సంచిలో నల్లకళ్లద్దాలూ ఒంటికి రాసుకునే నూనె సీసా తప్ప ఏమీ లేవు. ఈ పిల్ల దారిలో ఏమైపోతుందోనని జాలిపడ్డాను.

పడవ కెప్టెన్ పేరు వాల్టర్. అరవయ్యేళ్లుంటాయి. బూరుగుదూది అంటించినట్టు గడ్డం. మాతోపాటు ఒక అమెరికన్ ముసలి దంపతులు కూడా ఎక్కారు. ఎక్కీ ఎక్కగానే టోపీలు మొహాన వేసుకుని నిద్రపోయారు. కెప్టెన్ అందరికీ తలా ఒక కాగితం ఇచ్చాడు. నేను మామూలుగానే రెండు నిమిషాలు చూసి తల పంకించాను. దళసరిగా, నున్నగా ఎంతో బాగుంది. సంచిలో పసుపు పొట్లం చిరిగి కారుతోంది. ఆ పసుపంతా ఇందులోకి వంచి, మంచి పొట్లం కట్టేశాను.

పడవ మధ్యలో తెరచాప స్తంభం ఉంది. మనిషెత్తు వరకు దానికి కొత్త తెల్లగుడ్డ చుట్టి, నీళ్లు పడకుండా పైన ప్లాస్టిక్ కాగితం కప్పి, తాడు కట్టారు.

"ఇవాళ తెరచాప ఎత్తం, ఇంజనుతోనే వెళ్తాం," అన్నాడు కెప్టెన్. "రేపు పొద్దున ఈ పడవలోనే మా అమ్మాయి పెళ్లి. ఆ స్తంభం దగ్గరే ఇద్దరూ నిలబడతారు. మా ఆవిడ మీగడ రంగు గుడ్డ తెమ్మంది. నేను కొట్లో ఉన్న తెల్లది తెచ్చాను. వారం నుంచీ నాతో మాట్లాడడం లేదు."

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. పెళ్లంటున్నాడు, తెల్లగుడ్డ చుట్టానంటున్నాడు. ఒక బొట్టు లేదు, ఒక ఆకు లేదు. ఎవరికీ చీమ కుట్టినట్టయినా లేదు.

మూడు గంటల ప్రయాణం. సముద్రానికి నేను బాగానే నచ్చాను గాని, బావ నచ్చలేదు. నిమ్మకాయలన్నీ బావ ముక్కుకే సరిపోయాయి. పది గంటలకు దీవి ముందు లంగరు వేశారు. తీరానికి తీసుకెళ్లడానికి చిన్న తెడ్ల పడవ ఉంది. అందులో కెప్టెన్ కాక ఒకసారికి నలుగురే పడతారు. మొదటి విడతలో ప్రసాదునూ, సరళనూ, ముసలి దంపతులనూ కెప్టెన్ తీసుకెళ్లాడు. బావ లోపల గదిలో బల్ల మీద పడుకుని ఉన్నాడు. పడవ పైన నేను ఒక్కదాన్నే.

ముందు గంగమ్మకు పసుపూ కుంకుమా ఇచ్చి దండం పెట్టుకున్నాను. అక్కడితో ఆగి ఉంటే ఈ కథ లేదు. వెనక్కి తిరిగాను. స్తంభం కనిపించింది.

మన పెళ్లిళ్లలో అన్నిటికన్నా ముందు వాకిట్లో ఒక గుంజ పాతుతాం కదా. దానికి నిండా పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, మామిడాకులు కడతాం. ఆ రాట లేనిదే పెళ్లిపని మొదలుపెట్టం. ఇక్కడ చూస్తే రాట నిలబడే ఉంది, చేసే చేతులే లేవు. పిల్ల తల్లికీ తండ్రికీ మాటల్లేవు. చెప్పే పెద్దలెవరూ ఉన్నట్టు లేరు. నా చేతిలో చూస్తే పొట్లం నిండా పసుపు.

ప్లాస్టిక్ విప్పాను. పసుపు నీళ్లతో తడిపి, చేతికి అందినంత ఎత్తు నుంచి కింది దాకా ఒక్క అంగుళం వదలకుండా పూశాను. తొమ్మిది కుంకుమ బొట్లు పెట్టాను. అయిదుగురు ముత్తయిదువల పని ఒక్కదాన్నే చేశానన్న గర్వంతో వెనక్కి జరిగి చూసుకున్నాను. ఎంత కళ వచ్చిందో చెప్పలేను. మామిడాకుల లోటు తప్ప ఏమీ లేదు.

అప్పుడే బావ లేచి పైకి వచ్చాడు.

"రత్నం, అదేమిటి?"

"రాట."

"ఏ రాట?"

"పెళ్లిరాట. రేపే కదా పెళ్లి. పసుపు చేతిలో పెట్టుకుని చూస్తూ ఎలా కూర్చుంటాను?"

బావ స్తంభాన్ని చూశాడు, నన్ను చూశాడు, ఎంత దూరం ఈదగలనా అన్నట్టు ఒడ్డువైపు చూశాడు.

"వాళ్లకు అది పసుపు కాదే. కూర ఒలికిన మరక. రేపు ఆ పిల్ల తెల్లగౌను వేసుకుని దాని పక్కనే నిలబడుతుంది. ఫొటోలు తీస్తారు. అవి ఆ పిల్ల బతికినంత కాలం గోడకు వేలాడతాయి."

ఆ పిల్ల మొహం నేను చూడలేదు గాని, ఆ ఫొటో మాత్రం కళ్లకు కట్టింది.

బుద్ధి ఉన్న మనిషైతే అప్పుడు కాసేపు ఆలోచిస్తుంది. నేను సబ్బు తీశాను.

పసుపులో సున్నం కలిపితే ఎర్రనీళ్లవుతాయనీ, వాటితోనే పిల్లలకు దిష్టి తీస్తామనీ మీకు తెలుసు. నాకూ తెలుసు. నా జీవితంలో ఎన్ని పళ్లేల ఎర్రనీళ్లు కలిపానో లెక్కలేదు. సబ్బు కూడా సున్నం లాంటి పనే చేస్తుందన్న సంగతి మాత్రం ఆ నిమిషంలో తలకెక్కలేదు. బక్కెట్టు నీళ్లలో సబ్బు అరగదీసి బరబరా రుద్దాను. రుద్దిన కొద్దీ స్తంభం ఎర్రబడింది. తెల్లటి పడవ మీద ఎర్రటి కాలువలు కట్టాయి. జాతరలో మేకను కొట్టిన చోటు కూడా ఇంతకన్నా శుభ్రంగా ఉంటుంది.

"ఇందాకటిదే నయం," అన్నాడు బావ నీరసంగా.

అంతలో తెడ్ల చప్పుడు. మమ్మల్ని తీసుకుపోవడానికి కెప్టెన్ వస్తున్నాడు. తోడుగా సరళ ఉంది. నేను కొంగు విప్పి స్తంభానికి చుట్టి, దాన్ని రెండు చేతులా కావలించుకున్నాను. కెప్టెన్ పడవ ఎక్కగానే కింద ఎర్రనీళ్లు చూసి ఆగిపోయాడు.

"రక్తం. ఎవరికి దెబ్బ తగిలింది?"

బావ పుట్టి బుద్ధెరిగాక అబద్ధం ఆడలేదంటారు మా అత్తగారు. ఆ రికార్డు ఆ రోజు పోయింది.

"నా ముక్కు," అన్నాడు.

కెప్టెన్ ఎంత మంచివాడంటే, బావను చేత్తో పట్టుకుని పడుకోబెట్టి, మంచుముక్కలు గుడ్డలో చుట్టి ముక్కు మీద పెట్టి అదిమాడు. సరళ డాక్టరు హోదాలో ముక్కులోకి తొంగిచూసింది.

"అన్నయ్యగారూ, ముక్కులో ఏమీ లేదే. పర్ఫెక్ట్‌గా ఉంది."

"ఉందనమ్మా నీకు పుణ్యముంటుంది. తెలుగులోనే మాట్లాడు," అన్నాడు బావ మంచు కింది నుంచి.

సరళ నావైపు చూసింది. నా కొంగు అంచు నుంచి ఎర్రటి చుక్కలు రాలుతున్నాయి. ఆ పిల్ల తెలివైనది.

"ఆవిడ ఏం చేస్తోంది?" అని అడిగాడు కెప్టెన్.

"భర్త కోసం ప్రార్థన. మధ్యలో కదిలించకూడదు," అంది సరళ.

కెప్టెన్ వెంటనే టోపీ తీసి, తల వంచుకుని, ఒక నిమిషం మౌనంగా నిలబడ్డాడు. నన్ను సముద్రంలోకి తోసేసినా అంత బాధపడేదాన్ని కాదు. ఆ తరువాత, రోగిని కదిలించవద్దని చెప్పి ఒక్కడే ఒడ్డుకు వెళ్లిపోయాడు.

సరళ కొంగు లాగి చూసింది. "అయ్యో అక్కా," అని అక్కడే కూలబడింది. కాసేపటికి నవ్వడం మొదలుపెట్టింది. ఆపమన్నా ఆపదు.

నాకప్పుడు దిష్టినీళ్ల సంగతి గుర్తొచ్చింది. ఎర్రబడినదాన్ని వెనక్కి తిప్పాలంటే పులుపు తగలాలి. బావ వాసన చూసి పడేసిన ఆరు నిమ్మకాయలూ ఏరుకొచ్చి, కోసి పిండి, గుడ్డంతా, కింద ఎర్రనీళ్లు పారిన చోటంతా పట్టించాను. ఎరుపు చూస్తుండగానే దిగిపోయింది. కుంకుమ బొట్లు కూడా లొంగిపోయాయి.

"అక్కా, ఇది కెమిస్ట్రీ. ఎక్కడ చదివావు?"

"వంటింట్లో," అన్నాను. చదవడం మాట వచ్చింది కదా, మొహం అటు తిప్పుకున్నాను.

ఇక మిగిలింది పసుపు. దానికి ఎండను మించిన మందు లేదు. పసుపు పడ్డ చీరను ఎండలో వేస్తే సాయంత్రానికి తేలిపోతుంది. కాలిఫోర్నియాలో ఎండకు కరువా అనుకుంటూ తలెత్తి చూశాను. ఆకాశమంతా పొగమంచు. ఆ ఊళ్లో వేసవి మొదట్లో ఇలా కమ్ముకుంటుందట, ఒక్కోరోజు తొలగనే తొలగదట. సరళ ఆ మాట చెప్పి ఊరుకోకుండా, "సారీ అక్కా," అని కూడా అంది.

పదకొండయింది. పన్నెండయింది. పులిహోర గిన్నె మూత తీయలేదు. తెలిసిన దండాలన్నీ పెట్టాను. పన్నెండున్నరకు సూర్యుడు, ఎవరో బలవంతాన నిద్రలేపినట్టు, మెల్లగా ఒక కన్ను తెరిచాడు. ఒంటిగంటకు పూర్తిగా లేచాడు. నేను గుడ్డ మీద నీళ్లు చల్లడం, ఆరనివ్వడం. బావ మంచుమూట ముక్కుకు ఆనించుకుని లోపలి నుంచి కేకేస్తున్నాడు.

"రత్నం, ఏ రంగు?"

"చామంతి."

"ఇప్పుడు?"

"అరటిపండు."

"ఇప్పుడో?"

"పెసరపప్పు."

మూడింటికి అందరూ పడవెక్కారు. ఇసుకా ఉప్పూ అంటించుకుని, ఎర్రగా కాలి, సంతోషంగా ఉన్నారు. అప్పటికే నేను ప్లాస్టిక్ చుట్టి తాడు కట్టేశాను. కట్టేముందు చూసిన రంగును ఏమంటారో నాకు తోచలేదు. తెలుపు మాత్రం కాదు. దారంతా ఆ పిల్ల ఫొటోనే కళ్ల ముందు ఊగుతోంది.

రేవులో కెప్టెన్ భార్య, పెళ్లికూతురు పూల బక్కెట్లతో నిలబడి ఉన్నారు. అమ్మాయి బక్కపలచగా, మొహం నిండా నవ్వుతో ఉంది. కొంచెం మాడుమొహమైనా పెట్టుకుని ఉంటే నా భయం తగ్గేదేమో. వాళ్లమ్మ తిన్నగా స్తంభం దగ్గరికి వెళ్లి తాడు విప్పింది. నేను దిగిపోదామంటే బావ కదలడు. ఉన్నచోటే నిలబడి సముద్రంకేసి భక్తిగా చూశాను.

ఆవిడ గుడ్డ మీద చెయ్యి ఆడించింది. దగ్గరగా వంగి చూసింది.

"వాల్టర్, ఇది మీగడ రంగు."

"తెలుపు," అన్నాడు కెప్టెన్ అటు తిరిగి తాళ్లు కడుతూ.

"మీగడ రంగు. నేను అడిగిందే తెచ్చి, తెల్లదని వారం రోజులు నన్నెందుకు ఏడిపించావు?"

"నిమ్మకాయ వాసన కూడా వస్తోంది, బాగుంది," అంది పెళ్లికూతురు.

కెప్టెన్ వచ్చి చూశాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు. ఆ తరువాత నిమ్మచెక్కలు నిండిన మా సంచిని చూశాడు, పచ్చగా పండిన నా చేతులను చూశాడు. నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

"అవును, మీగడ రంగే. నా కళ్లు పాడయ్యాయి," అన్నాడు. వారం రోజుల అలక మాని ఆ భార్య ఆ భర్తను ముద్దుపెట్టుకుంది.

కార్లో కూర్చున్నాక నలుగురం పులిహోర గిన్నె ఖాళీ చేశాం. అంత రుచిగా పులిహోర నేను మళ్లీ కలపలేదు.

యాభై దాటాక నేను అక్షరాలు నేర్చుకున్నాను. తెలుగు సరళే నేర్పింది. ఇంగ్లీషు లైబ్రరీలో నేర్చుకున్నాను. మొన్నీమధ్య పాత సంచి దులుపుతుంటే పచ్చటి కాగితం ఒకటి రాలింది. ఆ రోజు పొట్లం కట్టిన కాగితమే. కూడబలుక్కుని చదివాను. పడవ నియమాలు. ఎర్ర వైను తేవద్దు. కెచప్ తేవద్దు. ఒంటికి రాసుకునే నూనెలు తేవద్దు. సరళ నూనె సీసా తెచ్చింది. నేను తెచ్చిన పసుపు పేరు మాత్రం పైనుంచి కిందికి రెండుసార్లు వెతికినా లేదు.

"చూశావా బావా, నేను ఏ నియమమూ తప్పలేదు."

"కింద ఇంకో వరస ఉంది, అదీ చదువు."

చదివాను. 'ఏ విషయంలోనైనా సందేహం ఉంటే కెప్టెన్‌ను అడగండి.'

"నాకు సందేహం రాలేదుగా బావా," అన్నాను.

అందుకని ఈ నవ్వే పాఠకులందరి సాక్షిగా ఒట్టు వేస్తున్నాను. నీటి మీద తేలే ఏ వస్తువుకూ, ఎంత బోసిగా కనిపించినా సరే, ఇక మీదట పసుపు రాయను. కార్లు, గుమ్మాలు, ఫ్రిజ్‌లు ఈ ఒట్టులోకి రావు.