పైనుంచి చూసింది పైనే

ఇంజినీరింగ్ డ్రాయింగ్ చెప్పడానికి ఇన్నేళ్లూ నాకు ఒక బిస్కెట్ల అట్టపెట్టె చాలింది. ముందు నుంచి చూస్తే ఇలా, పైనుంచి చూస్తే ఇలా అని దాన్ని తిప్పి తిప్పి చూపించేదాన్ని. వెనక బెంచీల వాళ్లకు నా చెయ్యి తప్ప ఏమీ కనబడేది కాదు. అందుకే ఆన్‌లైన్ బొమ్మలు వచ్చాక సంబరపడ్డాను. ఫోన్ మీద వేలితో తోస్తే బొమ్మలోని దిమ్మె తిరుగుతుంది, పక్కనే దాని గీతలు వాటంతటవే పడతాయి. రాజాంలో మా కాలేజీ పిల్లలు డ్రాయింగ్ క్లాసులో నిద్రపోకుండా కూర్చోవడం అప్పుడే చూశాను.

నేను పంపిన ఆ బొమ్మల లింకును అందరికంటే ఎక్కువ వాడింది ఆమదాలవలస వైపు నుంచి వచ్చే ఒక రైతు కూతురు. మిగతావన్నీ గట్టెక్కి, ఈ ఒక్క సబ్జెక్టు దగ్గర ఆగిపోయింది. సిగ్గుపడకుండా జూనియర్ల పక్కన కూర్చుని వినేది. విశాఖలో ఉద్యోగం వచ్చి ఉంది. ఈసారి పాసైతేనే చేర్చుకుంటామన్నారు.

ఆ పేజీతో ఒక చిక్కుంది. తెరవగానే పరాయి దేశపు పద్ధతి వస్తుంది. అందులో పైనుంచి చూసిన బొమ్మ పైన ఉంటుంది. మన పరీక్షల్లో దాన్ని కింద వేయాలి, పైన వేస్తే మార్కులు రావు. మూలనున్న చిన్న మీట నొక్కితే మన పద్ధతిలోకి మారుతుంది. ఈ మాట క్లాసులో గొంతు పోయేలా చెప్పాను. ఆ రోజు ఆ పిల్ల రాలేదు. “ఇంటికాడ ఉబాలు మేడమ్, నాట్లకి మనుసులు దొరకలేదండి” అని ముందే చెప్పి వెళ్లింది. క్లాసు వాట్సాప్ గ్రూపులోనూ పెట్టాను. అది ఎవరిదో పుట్టినరోజు కేకు ఫొటోల కింద పడి కొట్టుకుపోయింది. ఆ వెంటనే పరీక్షల సెలవులిచ్చారు. తను ఇంటి దగ్గరే ఫోన్ చూసుకుంటూ సాధన చేసింది.

పరీక్ష రాసి నేరుగా నా దగ్గరికి వచ్చింది. ముఖం వెలిగిపోతోంది.

“ఈసారి పోదండి మేడమ్. ఫోన్లో సూసినట్టే గీసీసేనండి.”

నా పెన్సిల్ తీసుకుని ప్రశ్నపత్రం వెనక గీసి చూపించింది.

“పైనుంచి చూసిన బొమ్మ ఇక్కడ వేశావేమే?”

“పైనుంచి సూసింది పైనే కదండీ ఉంటాది?”

లోకంలో ఎవరినడిగినా అదే అంటారు. ఒప్పుకోనిది మన పరీక్ష ఒక్కటే. దాని మీద నాకొచ్చిన కోపం అంతా ఇంతా కాదు. గీతలు చూస్తే, నేను తిట్టి తిట్టి నేర్పలేనంత శుభ్రంగా ఉన్నాయి. లోపలి రంధ్రానికి వేయాల్సిన తెగిన గీతలు కూడా మరిచిపోలేదు.

“బాగుందా మేడమ్?”

“బాగుంది,” అన్నాను. ఏడుపొస్తుంటే కళ్లజోడు తీసి తుడుచుకున్నాను.

తను గేటు వైపు నడుస్తూ ఇంటికి ఫోన్ చేసింది.

“అమ్మా, పాసైపోతానే. మేడమే బాగుందన్నారు.”