చెట్లకు పైనున్న ఊరు

ఎనభైల మొదట్లో మేం అమెరికాలో, ట్రాయ్ అనే ఊళ్లో ఉండేవాళ్లం. మావారు కార్ల బ్రేకులు డిజైన్ చేసే ఇంజినీరు. ఓ డిసెంబరులో ఆయనకు మ్యూనిక్‌లో రెండు వారాల ఆఫీసు పని పడింది. పనవగానే ఆల్ప్స్‌లో ఒక వారం స్కీయింగ్ చేద్దాం, నువ్వూ అమ్మాయీ వచ్చేయండి అన్నారు. "ఏ ఊరో నువ్వే డిసైడ్ చెయ్యి. నాకు టెస్టింగ్‌తో ఊపిరాడట్లేదు."

నాకు తెలిసిన మంచల్లా ఇంటి ముందు డ్రైవ్‌వేలోంచి పారతో ఎత్తి పక్కన పోసేదే. దానిమీద జారడానికి సముద్రం దాటి వెళ్లడం వింతగా తోచింది. అయినా ట్రావెల్ ఏజెన్సీకి వెళ్లి సంచీడు బ్రోషర్లు తెచ్చి డైనింగ్ టేబుల్ నిండా పరిచాను. అన్నిట్లోనూ అదే నీలాకాశం, అవే నవ్వులు. ఒక ఊరికీ ఇంకో ఊరికీ తేడా తెలియలేదు.

కనిపెట్టింది తొమ్మిదేళ్ల మా అమ్మాయి. "అమ్మా, ఈ ఊర్లో ట్రీస్ లేదు. ఆ ఊర్లో చాలా ఉంది."

నిజమే. కొన్ని ఊళ్ల చుట్టూ దట్టంగా చెట్లు, కొన్నిటి చుట్టూ ఒట్టి తెలుపు. ఎందుకలా?

మా పక్కింటి పెద్దావిడ ఆస్ట్రియాలో పుట్టి పెరిగింది. మర్నాడు బ్రోషర్లు పట్టుకుని ఆవిడ దగ్గరికి వెళ్లాను. ఆవిడ ఫొటోల జోలికే పోలేదు. ప్రతి పేజీ అడుగున చిన్నగా అచ్చేసిన రెండు సంఖ్యల కింద పెన్సిల్‌తో గీతలు గీసింది. ఒకటి ఊరి ఎత్తు, రెండోది స్కీ చేసేవాళ్లను కొండ మీదికి మోసుకెళ్లే లిఫ్టు చేరే ఎత్తు.

"డిసెంబర్‌లో కింది ఊళ్లలో వాన కూడా పడొచ్చు. పైన మాత్రం మంచు గ్యారంటీ. ఆ ఎత్తులో చెట్లు బతకవు."

"అయితే పైదే మంచిది కదా?"

"మబ్బు దిగిన రోజు చెట్లను చూసే దారి పోల్చుకుంటాం. పైన మబ్బు దిగిందంటే నేలా ఆకాశమూ ఒకటే." బ్రోషర్లు దొంతర పెట్టి నాకిస్తూ, "మా నాన్న అక్కడికి వెళ్లొద్దనేవాడు. నేను వెళ్లేదాన్ని," అంది.

మావారు మ్యూనిక్ నుంచి ఫోన్ చేసినప్పుడు ఇదంతా చెప్పాను. "సేఫ్‌గా చెట్లున్న ఊరే బుక్ చెయ్యి," అన్నారు. సరేనన్నాను. తీరా ఏజెన్సీలో క్లర్కు "ఏ ఊరు?" అని అడిగేసరికి నా నోటివెంట పై ఊరి పేరే వచ్చింది. నేలా ఆకాశమూ ఒకటైతే ఎలా ఉంటుందో చూడాలనిపించింది.

బస్సు దిగగానే మావారు చుట్టూ చూసి "చెట్లేవి?" అన్నారు. నేను సూట్‌కేసులు లెక్కపెడుతున్నట్టు వంగిపోయాను.

మూడో రోజు, కొత్తవాళ్ల వాలు మీద మా ముగ్గురికీ క్లాసు జరుగుతుండగా ఐదు నిమిషాల్లో మబ్బు కమ్మేసింది. నా స్కీలే నాకు కనపడలేదు. ఆగి నిలబడ్డాననే అనుకున్నాను. మరి చెవులకు గాలెందుకు కొడుతోంది? చేతిలోని స్కీ కర్ర మంచులో గుచ్చితే అది నా చేతిని వెనక్కి లాగేసింది. నేను జారుతూనే ఉన్నాను! ఉన్నచోటే కూలబడ్డాను.

"ఏమండీ! ఎక్కడున్నారు?"

"ఇక్కడే," అని పక్కనుంచే గొంతు. "నేను ఆగానో లేదో తెలియట్లేదు."

"కూర్చోండి, తెలుస్తుంది."

ధబ్బుమని చప్పుడైంది. ఆ తెలుపులో ఆయన ముఖం కనపడకపోవడం నాకు ధైర్యమిచ్చింది. "ఈ ఊరు నేను కావాలనే బుక్ చేశానండీ," అన్నాను.

"చెట్లున్నదని చెప్పావు కదా?"

"మీరు చెప్పారు. నేను సరేనన్నాను, అంతే."

ఆయనేదో అనబోయేంతలో టీచరు విజిల్ వినిపించింది. స్కీలు విప్పేసి, ఒకరి కర్ర ఒకరం పట్టుకుని, ముందు మా అమ్మాయి, వెనక మేం, విజిల్ వినిపించే వైపు వరసగా నడిచి దిగాం. సాయంత్రం దాకా మావారు నాతో ముక్తసరిగానే మాట్లాడారు. అమ్మాయి మాత్రం "రేపు కూడా క్లౌడ్ వస్తుందా?" అని పదిసార్లు అడిగింది.

మర్నాడు ఫెళ్లున ఎండ కాసింది. ఆయన హుషారుగా స్కీలు తగిలించుకుని బయల్దేరారు. నేనూ, అమ్మాయీ కిటికీలోంచి చూసి కాస్త నిరాశపడ్డాం.