సినిమా మాటకు ఎడ్ల సాక్ష్యం

మీకు బాగా నచ్చిన సినిమాలో ఒక జాతి మొత్తాన్ని దొంగలంటే, అది నిజమేనా అని మీరు ఎప్పుడైనా అడిగారా? నేను అడగలేదు. పైగా ఆ మాటలు కంఠతా పట్టాను.

పందొమ్మిది వందల అరవైల్లో చందూర్ బడిలో పంతులుగా ఉన్నాను. సెలవు దొరికితే బస్సెక్కి నిజామాబాద్ పోయి సినిమా చూసేవాణ్ణి. ఒకదాన్నైతే ఐదుసార్లు చూశాను. అందులో హీరో పంచాయితీలో నిలబడి లంబాడాల చరిత్ర చెబుతాడు. తాతల నాటి నుంచీ దారి దోపిడీయే వాళ్ల బతుకట. చాయ్ హోటల్లో గొంతు మార్చి ఆ సీనంతా చెప్పేవాణ్ణి. జాతకాలు అబద్ధమని సభల్లో వాదించే నేను తెర మీది మాటను మాత్రం విచారించకుండా మింగాను.

ఒక ఏడు చెరుకు కోతలు మొదలయ్యాయి. ఊరి బండ్లు వరుస కట్టి బోధన్ ఫ్యాక్టరీకి పోవాలి. బండ్లను నడిపించడానికి, ఫ్యాక్టరీ ముందు రెండు మూడు రోజులు ఆగితే ఎడ్లకు కావలి ఉండడానికి ఒక ముకద్దం కావాలి. పక్క లంబాడా తండా నుంచి ఒకాయన ఆ పని అడిగాడు. వానల్లేక ఆయన చెలకలో పంట ఎండిపోయింది. ఈ పని దొరక్కపోతే పిల్లల్ని తీసుకుని వలస పోవాల్సిందే.

చావడి దగ్గర రైతులు కూడారు. ఒక పెద్ద రైతు నవ్వాడు.

"ఎడ్లకు గాయిన కావలా? మరి గాయినకెవలు కావలి? సారును అడుగుండ్రి, సినిమల ఏం జెప్పిండ్రో."

అందరూ నా వైపు తిరిగారు. తండా ఆయన కూడా నన్నే చూశాడు.

"సారూ, మా తాత ఎడ్ల మీద ఉప్పు మోసిండు. గది సినిమల లేదా?"

లేదు. ఆ మాటే ఒప్పుకున్నాను. నేను అద్దెకుండేది చావడి పక్కింట్లోనే; ఆ ఇంటి అవ్వ అరుగు మీది నుంచే అందుకుంది. "నిజమే బిడ్డ. నా చిన్నప్పుడు ఉప్పు గోనెలు వాళ్లే తెస్తుండిరి. వాళ్లు రాకుంటే మా కూర సప్పగనే."

అప్పుడు నాకు తెలివి వచ్చింది. పెద్ద రైతును అడిగాను.

"పటేలా, ఎండకాలం నీ ఎడ్లు యాడుంటయి?"

"యాడుంటయి, కాల్వ కింద మేత లేదాయె. తండోళ్లతోని గుట్టకు పోతయి."

"ఎప్పటిసంది?"

"మా బాపు నాటిసంది."

"ఒక్కటన్న తప్పిపోయిందా?"

ఆయన కండువా సర్దుకున్నాడు. వెనక నుంచి ఎవరో అన్నారు: "తప్పిపోవుడు కాదు సారూ, బలిసి వస్తయి." చావడి అంతా నవ్వింది. చివరికి ఆయనా నవ్వాడు.

"మరి సినిమల గట్లెందుకు రాసిండ్రు సారూ?"

"రాసినోడు ఎడ్లను గుట్టకు తోలలే పటేలా. తప్పు ఆ రాసినోనిది. ఊరంతా తిరిగి చెప్పిన నాది ఇంకా పెద్ద తప్పు."

ముకద్దం పని ఆయనకే దక్కింది. మర్నాడు పొద్దున బండ్ల ముందు ఆయన నడుస్తుంటే కాల్వ వంతెన దాకా నేనూ నడిచాను. సభల్లో ఎంతోమందిని ఓడించాను గానీ, నాకు నచ్చిన సినిమా ఓడిన ఆ రోజు పొందిన ఆనందం ఏ సభలోనూ దొరకలేదు. కోతలు ముగిసేసరికి ప్రతి ఎద్దూ ఇల్లు చేరింది. మరుసటి ఏడు చావడి దగ్గర ఎవరూ కూడలేదు. పెద్ద రైతే తండాకు పోయి ఆయన్ను పిలుచుకొచ్చాడు.

ఈ వారమే మీ దగ్గరి తండాకు పోండి. ముసలివాళ్ల పక్కన కూర్చుని, వాళ్ల తాతలు ఏ దారుల్లో నడిచారో అడగండి. చెప్పింది చెప్పినట్టు రాసి, మీ ఊరి బడిలో పిల్లలందరికీ చదివి వినిపించండి.