ఏమీ విరగలేదు

సైకిలు యాత్రలో తొమ్మిదో రోజు పొద్దున ఆమె నిద్ర లేచేసరికి అరచేతులు రెండూ ఆమెవి కావు. చిటికెన వేలూ దాని పక్క వేలూ మొద్దుబారి, ఎవరివో తెచ్చి అతికించినట్టున్నాయి. బస చేసిన గది కిటికీలోంచి కొండ కనిపించింది. మంచు విడుతున్నకొద్దీ ఒక్కో మడతా బయటపడుతూ, దుప్పటి తీసి లేవబోతున్న పెద్ద జంతువులా ఉంది. దాని వీపు మీద గోటితో గీసినంత సన్నగా రోడ్డు.

"వస్తున్నాను, ఉండు," అంది ఆమె. ఆ మాట కొండకి కాదు, బావకి.

ఆమెకి నలభై ఆరేళ్ళు. పని చక్రాలు కట్టడం. అక్కని చేసుకున్న బావ సైకిల్ షాపులో పందొమ్మిదేళ్ళప్పుడు చేరింది. ఖాళీ రిమ్ముని ఒళ్ళో పెట్టుకుని, ముప్పై ఆరు స్పోకు పుల్లలూ అల్లి, ఒక్కొక్కదాన్నీ వేలితో మీటి చెవి ఒగ్గి వినేది. బిగువు సమంగా ఉన్న చక్రంలో ఒక వైపు పుల్లలన్నీ ఒకే స్వరం పలుకుతాయి. ఒక్కటి బెసికినా ఆమె చెవికి తెలిసిపోయేది. దూరాలు తొక్కేవాళ్ళు ఊళ్ళు దాటి ఆమె కోసం వచ్చేవారు. "చక్రాలమ్మ ఉందా?" అని అడిగేవారు. షాపు బోర్డు మీద బావ పేరున్నా, వాళ్ళు అడిగేది మాత్రం ఆమెనే.

పధ్నాలుగేళ్ళ క్రితం బావ ఆమె కట్టిన చక్రాల మీద ఒంటరిగా సముద్రందాకా యాత్రకి వెళ్ళాడు. పన్నెండు రోజుల తర్వాత తిరిగొచ్చాడు. ఒక మోకాలు వాచి ఉంది, సైకిలు వెనక చక్రం అప్పడంలా వంకరపోయి ఉంది. ఆ సాయంత్రమే కథ మొదలైంది. తొమ్మిదో రోజు, కొండ మీద ఏడో మలుపులో మరదలు కట్టిన చక్రం చెయ్యిచ్చిందట. పుల్లలు ఎండుపుల్లల్లా పటపటా విరిగాయట. సైకిలు భుజాన వేసుకుని కొండెక్కి, చక్రాన్ని తాళ్ళతో కట్టుకుని, సముద్రందాకా తొక్కాడట.

ఆమె ఆ చక్రాన్ని చేతుల్లోకి తీసుకుని చూసింది. తొక్కి తొక్కి అలిసిన పుల్ల చక్రం నడిమి హబ్బు దగ్గర, మెడ వంగినచోట తెగుతుంది. ఇక్కడ ఒక్క మెడా తెగలేదు. పుల్లలన్నీ నడుము దగ్గర వంగి ఉన్నాయి, పైన ఏదో బరువు పడ్డట్టు.

"బావా, ఇది తొక్కితే విరిగింది కాదు," అంది.

"అయితే నేను దీని మీద పడుకున్నానంటావా?" అన్నాడు బావ. షాపంతా నవ్వింది.

ఆ నవ్వు పధ్నాలుగేళ్ళు సాగింది. కొత్త కొనుగోలుదారు ఎవరొచ్చినా గోడ మీది తన యాత్ర ఫొటో చూపించి బావ ఆ కథ చెప్పేవాడు. "మా మరదలు మంచిదే పాపం, చెయ్యే కాస్త వదులు" అని ముగించేవాడు. చక్రాలు కట్టించుకునేవాళ్ళు తగ్గారు, తర్వాత మానేశారు. ఆమెని వెనక గదిలో ట్యూబులకి మాసికలు వేసే పనిలో కూర్చోబెట్టారు. నీళ్ళ తొట్టిలో ట్యూబు ముంచి బుడగలు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో చూస్తూ ఆమె పగని పెంచుకుంది. మంచి పగ అది. వేళకి తిండి పెట్టి, చలికి కప్పి, పసిపిల్లలా సాకింది.

మొన్న వేసవిలో ఒక యాత్రికుడు మాసిక వేయించుకుంటూ యథాలాపంగా అన్నాడు, "సముద్రం దారిలో కొండ మీది చెక్‌పోస్టు గేటు దగ్గర ఒక పుస్తకం ఉంటుందండీ. ఒంటరిగా తొక్కుతూ వచ్చినవాళ్ళకే తెరుస్తారు. కొండెక్కడంలో మన బండికి ఏం విరిగిందో మన చేత్తోనే రాయాలి, వెనక వచ్చేవాళ్ళు ఏం తెచ్చుకోవాలో తెలిసేలా. పాత పుస్తకాలన్నీ దాచారు."

ఆమె చేతిలో ట్యూబు నీళ్ళలోనే ఉండిపోయింది.

ఆ రాత్రే తన కోసం రెండు చక్రాలు కట్టడం మొదలుపెట్టింది.

ఇవాళ శనివారం. శనివారం సాయంత్రం బావ షాపు ముందు తొక్కేవాళ్ళంతా చేరతారు. గేటు ఆరింటికి మూస్తారు. ఆరు దాటితే పుస్తకం తెరిచేది సోమవారమే. జనం ఉన్నప్పుడే చెప్పాలి. ఎనిమిది రోజులూ లెక్క వేసుకుని తొక్కింది అందుకే.

మొదటి మూడు మలుపులూ పగ మోసుకెళ్ళింది. కుడి పెడలు తొక్కినప్పుడు "చెయ్యే", ఎడమది తొక్కినప్పుడు "వదులు". చెయ్యే, వదులు, చెయ్యే, వదులు. నాలుగో మలుపులో పగకీ ఆయాసం వచ్చింది. ఎండ మెడ మీద చెయ్యి వేసి నడిపిస్తున్నట్టుంది. సీటు తగిలేచోట తోలు లేచి, ప్రతి గుంతకీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చెంపల మీద చెమట ఎండి తెల్లటి చార కట్టింది. పెదవి తడుపుకుంటే ఉప్పు.

ఐదో మలుపులో ఫోను మోగింది. రోజూ మోగే వేళే.

"ఏమ్మా మరదలా, బతికే ఉన్నావా?" బావ గొంతు. వెనక షాపులో గలగల. రోజూ ఆమె ఫోను లౌడ్‌స్పీకర్లో పెట్టి అందరికీ వినిపించడం బావకి సరదా.

"ఉన్నాను బావా."

"ఎక్కడ?"

"కొండ సగంలో."

"చూసుకో తల్లీ, ఏడో మలుపు దగ్గర చక్రాలు మహా పెంకెగా ఉంటాయి!" నవ్వులు. "మోకాళ్ళు పట్టేస్తే ఏ లారీ అయినా ఆపి ఎక్కేయ్. ఇక్కడెవరూ ఏమనుకోరులే."

"లారీలు ఆగుతాయంటావా బావా?"

అటువైపు అర క్షణం వెలితి పడింది. "ఆడమనిషివి కదా, ఆగుతాయ్," అని మళ్ళీ నవ్వాడు.

ఆ అర క్షణాన్ని ఆమె జేబులో వేసుకుంది. ఆరో మలుపుదాకా అదే ఆహారం.

ఏడో మలుపులో కాళ్ళు ఇక రామన్నాయి. దిగి తోసింది. చెయ్యి సీటు మీద, కళ్ళు వెనక చక్రం మీద. చక్రం మాత్రం నీళ్ళలో తేలుతున్న ఆకులా, ఇటు ఒక వెంట్రుక అటు ఒక వెంట్రుక కూడా జరగకుండా తిరుగుతోంది. ఎనిమిదో మలుపు కూడా తోసి, తొమ్మిదిలో మళ్ళీ ఎక్కింది. తల తిరుగుతోంది. రోడ్డు రిబ్బనులా గాల్లో లేస్తోంది. ఒకచోట కక్కుకుంది. నీళ్ళతో నోరు పుక్కిలించి, టైము చూసి, మళ్ళీ తొక్కింది. నాలుగున్నర. ఐదుంపావు. ఐదూ ముప్పై ఐదు.

గేటు దగ్గర చెక్క గది, ముందు బల్ల, ఒక పెద్దాయన. తాళంచెవుల గుత్తి అప్పటికే చేతిలో ఉంది.

"తొక్కుతూ వచ్చావా, తోస్తూ వచ్చావా?" అన్నాడు.

"రెండు మలుపులు తోశాను."

"నిజం చెప్పావు. కూర్చో. తోయలేదన్నవాళ్ళకి నేను టీ కూడా ఇవ్వను."

టీ ఇచ్చాడు, రెండు రొట్టెముక్కలు ఇచ్చాడు. అరలోంచి ఆమె అడిగిన సంవత్సరం పుస్తకం దింపి దుమ్ము ఊదాడు. పేరు, తేదీ, విరిగినవి. ఇవి తొక్కినవాళ్ళు రాసేవి. చివరి గడి పెద్దాయనది. గేటు దాటినవాళ్ళు ఏ బండి మీద కిందికి దిగారో ఆయన రాయాలి.

మొద్దుబారిన వేలితో పేజీలు తిప్పింది. బావ గుండ్రటి దస్తూరి దూరం నుంచే గుర్తుపట్టింది.

విరిగినవి: ఏమీ లేవు. మా మరదలు కట్టిన చక్రాలు. బంగారం.

చివరి గడిలో వేరే చేతిరాత: కట్టెల లారీ.

"ఈయన గుర్తున్నాడా?"

పెద్దాయన కళ్ళద్దాలు సర్దుకున్నాడు. "మనుషులు ఎక్కడ గుర్తుంటారమ్మా. కానీ లారీ అని నేను రాశానంటే లారీయే. సైకిళ్ళని దుంగల కింద పడేస్తారు ఆ వెధవలు. ఎన్నిసార్లు చెప్పానో."

ఆమె ఆ అక్షరాల మీద వేలు ఆనించింది. బంగారం. ఆ ఒక్క సాయంత్రం, మోకాలు వాచి, ఇక తొక్కలేనని తెలిసి కూడా, అతను నిజమే రాశాడు. ఆమె చేతి విలువ అతనికి తెలుసు. తెలిసే, ఇంటికెళ్ళి తన లారీని ఆమె చెయ్యి కింద దాచాడు. తెలియక అన్నాడేమో అని పధ్నాలుగేళ్ళుగా లోపల ఎక్కడో మిగిలిన ఒక్క సందేహం కూడా ఆరిపోయింది. కోపం చల్లబడింది, నీళ్ళలో ముంచిన ఇనుములా గట్టిపడింది.

ఈసారి ఆమే ఫోను చేసింది.

"హలో హలో! ఎక్కేశావా కొండ?" బావ. వెనక ఇరవై మంది సందడి.

"ఎక్కాను బావా. స్పీకర్లో పెట్టావా?"

"పెట్టకుండా ఉంటానా? అందరూ నీ కోసమే చూస్తున్నారు."

"ఏడో మలుపు చూశాను బావా. నీ కథ గుర్తొచ్చింది. నీ నోటితో ఒక్కసారి వినాలనుంది."

అడగడమే ఆలస్యం. బావ గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. మలుపు, పుల్లల చప్పుడు, భుజాన సైకిలు. ఇవాళ వాన కూడా కలిపాడు. "మంచిదే పాపం, చెయ్యే కాస్త..."

"బావా, ఇక్కడ గేటు పుస్తకం ఉంది. నీ దస్తూరి ఎంత బావుందో. చదవనా?"

ఆమె చదివింది. విరిగినవి ఏమీ లేవు దగ్గర ఆగింది. బంగారం దగ్గర ఆగింది. కట్టెల లారీ అన్నది గేటు పెద్దాయన చేత చదివించింది. ఆయన తేదీతో సహా, సర్కారు గొంతుతో చదివాడు.

అటువైపు ఎవరో కుర్చీ జరిపిన చప్పుడు వినిపించింది.

"అది... అప్పుడు మోకాలు..." అన్నాడు బావ.

"వినిపించట్లేదు బావా. గట్టిగా చెప్పు, అందరూ వింటున్నారుగా."

"మోకాలు పట్టేసింది," అన్నాడు.

"చక్రం?"

"చక్రం బాగానే ఉంది," అన్నాడు.

ఎవరో, బహుశా రోజూ షాపుకొచ్చే పోస్టుమ్యాన్, "పేద్ద యాత్ర గురూ!" అన్నాడు. షాపు భళ్ళున నవ్వింది. ఈసారి అది ఆమె మీద కాదు. ఎండలో మంచినీళ్ళు తాగినట్టు ఆ నవ్వుని ఆమె చివరిదాకా తాగింది.

గలాటాలో ఫోను చేతులు మారింది. అక్క.

"ఏమే, లారీలో వెళ్ళాడా ఈయన?"

"ఆఁ అక్కా."

"సముద్రందాకా తొక్కిన మోకాలు కదా అని పధ్నాలుగేళ్ళుగా నూనె రాస్తున్నానే నేను, రోజూ!"

"తెలుసు."

"ఇక ఆయనే రాసుకుంటాడులే." అక్క గొంతులో ఏడుపో నవ్వో తెలియలేదు. "నువ్వు తిన్నావా?"

"తింటున్నా."

ఫోను పెట్టేసి ఆమె కొండ అంచున సన్నబడుతున్న వెలుగుని చూస్తూ కూర్చుంది. జాలి వస్తుందేమోనని కాసేపు ఎదురు చూసింది. రాలేదు. రెండో రొట్టెముక్క టీలో ముంచుకుని, తీరిగ్గా, నమిలి నమిలి తింది.