అడ్డవాసానికి వేసిన రెండు బెజ్జాలు

ఈ ఉదయం ఎదురింటి వడ్రంగి టేకు చెక్కకు బెజ్జం వేయడానికి బరమా పెట్టి తిప్పుతుంటే వేడెక్కిన కర్ర వాసన మా అరుగు దాకా వచ్చింది. ఆ వాసన తగిలితే ఈ వయసులోనూ నాకు ముద్ద దిగదు. కారణం మా బావగారు, అంటే మా పెద్దక్క భర్త.

ఆయనకు నరసాపురం రేవులో ఒక తెరచాప పడవ ఉండేది. మొగల్తూరు కొబ్బరికాయలు తన పడవెక్కాకే కాయలనిపించుకుంటాయని ఆయన నమ్మకం. నేను పడవల వడ్రంగిని. ఒక మాఘమాసంలో, తెరచాప అడుగు అంచును పట్టి ఉంచే అడ్డవాసానికి తాడు నడిచే కప్పీ తగిలించే ఇనుప కొక్కెం బిగించమన్నారు. పని నేర్పిన మా మేనమామ చెప్పిన పద్ధతి నాకు కంఠతా వచ్చు. ముందు సన్న బరమాతో బెజ్జం వేసి, తరువాత దాన్ని పెద్దది చేయాలి. కొక్కేనికి కావలసిన రెండు బెజ్జాలూ కర్ర ఈనె వెంట, అంటే నార సాగే దిక్కున, ఒకే వరుసలో పడకూడదు; పడితే కర్ర చీలుతుంది. లోపల తారు పూయాలి. ఇవన్నీ ఆ రోజూ గుర్తే. కానీ అంతర్వేది తీర్థానికి బయలుదేరిన స్నేహితులు గట్టున నిలబడి కేకలేస్తున్నారు. నేరుగా పెద్ద బరమాయే పెట్టి, రెండూ ఒకే వరుసలో దించేశాను. మరచీల బిగిస్తుంటే కర్ర చిన్నగా టిక్కుమంది. వెంట్రుకంత చీలిక. అది కనబడకుండా గుగ్గిలం మెత్తాను.

"గట్టిగానే ఉందంటావా?" అన్నారు బావగారు.

"ఏనుగు వేలాడినా ఊడదు బావా."

నాలుగో రోజు, ఏరు సముద్రంలో కలిసే మొగలో గాలి తిరిగింది. వాసం ఆ బెజ్జాల దగ్గరే చీలి, కొక్కెం ఊడి ఆయన ఎడమ కంటికి తగిలింది. కన్ను పోయింది. చూడడానికి వెళ్తే అక్క అందరికంటే ముందు నాకే అన్నం పెట్టింది. "వాడేం చేస్తాడండీ, గాలి అలాంటిది" అని వచ్చినవాళ్ళందరితో బావగారే చెప్పారు. నేను తలెత్తకుండా పప్పు కలుపుకుంటూ కూర్చున్నాను.

వానలు వెనకపట్టాక ఆయన కొత్త వాసం మోయించుకుని మళ్ళీ నా దగ్గరికే వచ్చారు. వేరే వడ్రంగి దగ్గరికి వెళ్ళి ఉంటే కాస్త తేలికపడేవాణ్ణి. నేను సన్న బరమా తీస్తుంటే పక్కనే పీట వేసుకుని కూర్చున్నారు.

"నిదానంగా చెయ్యి. ఈసారి తీర్థం కూడా లేదుగా" అన్నారు.

నా చేయి ఆగిపోయింది. విరిగిన వాసం ఆయన దగ్గరే ఉండిపోయిందని, చీలికలో గుగ్గిలం చూసే ఉంటారని అప్పుడు తట్టింది. తప్పు నాదే బావా అనాలి. నోరు తెరిచాను కూడా.

"అలాగే బావా" అన్నాను.

ఆ తరువాత ఇరవై ఏళ్ళు, రేపు చెబుదాంలే అనుకుంటూనే ఆయన పక్కన కూర్చుని భోంచేశాను. రోజులు ఎన్ని ఉన్నా కొన్ని మాటలకు ఒక్క పూటే ఉంటుందని తెలిసేసరికి ఆయన లేరు.