చివరి పేరాలో అమల

దయానంద్ పుత్తూరులో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో పంతొమ్మిదేళ్లుగా తెలుగు చెబుతున్నాడు. చెబుతున్నాడన్నది పేరుకే. జనవరి వచ్చిందంటే అతని పీరియడ్లు ఫిజిక్సుకు పోతాయి, మిగిలినవి ఫిబ్రవరిలో కెమిస్ట్రీ తినేస్తుంది. "నీదేముందప్పా, పిల్లోల్లు సదవకపోయినా తొంభై వస్తాయి" అంటాడు ప్రిన్సిపాల్, అదేదో మెచ్చుకోలు అన్నట్టు.

ఆ ఖాళీ పీరియడ్లలోనే అతనికి ఆటల పిచ్చి ముదిరింది. ఆడే పిచ్చి కాదు. పదో తరగతిలో ఖోఖో ఆడుతూ మోకాలు పోగొట్టుకున్నప్పటి నుంచి అతనిది గీత బయటి బతుకే. ఇది రాసే పిచ్చి. ఒక దినపత్రిక జిల్లా పేజీకి పదకొండేళ్లుగా ఆటల వార్తలు పంపుతున్నాడు. కబడ్డీ గురించి రాయడానికి తెలుగును మించిన భాష లేదని అతని నమ్మకం. కూత అన్న ఒక్క మాటలోనే మనిషి ఊపిరంతా ఉందంటాడు. అచ్చయ్యేది మాత్రం ఎప్పుడూ ఒకటే. ఫలానా జట్టు గెలిచింది, ఫలానా నాయకుడు కప్పు అందజేశాడు. మిగతాదంతా ఎవరో కత్తిగట్టి కోస్తున్నారని తిట్టుకుంటూ మళ్లీ రాసేవాడు.

మొన్న నవంబరులో పుత్తూరులోనే బాలికల కబడ్డీ పోటీలు జరిగాయి. నగరి జట్టులో అమల ఉంది. ఇంటర్ రెండో ఏడు, దయానంద్ దగ్గరే చదువుతోంది. శనివారం సెమీఫైనల్లో ఎడమచేతి వేళ్లు రెండు విరిగాయి. ఎముకల కట్టుకు పేరుపడ్డ పుత్తూరులో వేళ్లు విరగడం ఒక విధంగా అదృష్టమే, కట్టు కట్టేవాళ్లు నడిచే దూరంలో ఉంటారు. ఆదివారం ఫైనల్. చివరి నిమిషంలో నగరి రెండు పాయింట్లు వెనకబడి ఉంది. అమల కట్టు చేతిని వీపు వెనక దాచుకుని కూతకు వెళ్లింది. ముగ్గురిని తాకి, ఇద్దరు నడుం పట్టుకుని లాగుతున్నా పాకి వచ్చి గీత అందుకుంది. నగరి ఒక్క పాయింటుతో గెలిచింది.

అక్కడికక్కడే కడపలో మూడు నెలల శిక్షణ శిబిరానికి ఆమెను ఎంపిక చేశారు. బుధవారంలోగా తండ్రి సంతకం కావాలన్నారు.

తండ్రి కుప్పయ్య నగరిలో మరమగ్గం నడుపుతాడు. మ్యాచ్ చూడటానికి వచ్చి, పోయేటప్పుడు దయానంద్‌తో ఒకటే మాట అన్నాడు. "ఆడపిల్లను ఆటలకు తోలినాడని మా వీధిలో నవ్వుతా ఉండారు సార్. పేపర్లో దాని పేరు పడనీ. అది వాల్ల మొగానికి సూపిచ్చి సంతకం పెడతా."

"పడుతుంది. రాసేది నేనే కదా."

ఆ సాయంత్రం అతను ప్రాణం పెట్టి రాశాడు. మొదట కట్టు గురించి రాశాడు. తర్వాత కట్టు చేతి పిల్ల గీత దాటడం, ప్రేక్షకులు నోరు మెదపకుండా ఉండిపోవడం. ఎవరీ పిల్ల అని చదివేవాడు కొట్టుకులాడాలి, అప్పుడు చివరి పేరాలో పేరు రావాలి. దాచుకున్న మాటకే బలమని పంతొమ్మిదేళ్లుగా క్లాసులో చెబుతున్నది అదే. ఫోన్లో టైపు చేసి తిరుపతిలోని పత్రిక డెస్కుకు పంపేశాడు.

సోమవారం పొద్దున బస్టాండులో పేపరు విప్పాడు. నాలుగు పేరాలు, ఒక్క అక్షరం పోకుండా ఉన్నాయి. పదకొండేళ్లలో అంత పెద్ద వార్త అతనిది ఎన్నడూ పడలేదు. పక్కన ఫోటోలో కప్పు అందిస్తున్న నాయకుడు, అందుకుంటున్న కట్టు చెయ్యి. చెయ్యి వరకే, కింద నాయకుడి పేరొక్కటే. అయిదో పేరా లేదు.

డెస్కులో ఉండే ప్రతాప్ అతని పాత విద్యార్థే. దయానంద్ వాడికి ఫోన్ చేశాడు.

"చివరి పేరా ఏమైందిరా?"

"ఎరువుల షాపు ప్రకటన వచ్చింది సార్. జాగా లేక ఆ ఒక్కటీ తీసేసినా. మిగతాది తాకితే ఒట్టు. ఎంత బాగా రాసినారో."

"పేరుండేది దాంట్లోనే."

"పేరు యాల చివర్లో పెట్టినారు సార్? మేము ఎప్పుడూ కోసేది తోకే. మీరు తలకాయ తీసుకోనిపొయ్యి తోకలో పెట్టినారు."

"రేపు రెండు లైన్లు వెయ్యరా."

"రేపటికి పాతదైపోతాది సార్. మా ఇన్‌ఛార్జి ఒప్పుకోడు."

దయానంద్ ఫోన్ పెట్టేసి పేపరు మడిచాడు. వాడు చెప్పింది నిజం, అదే ఒళ్లు మండించింది. పదకొండేళ్లు తోక కోస్తుంటే, తోకనే కోస్తున్నారని గమనించని పండితుడు తను.

మంగళవారం సాయంత్రం పేపరూ, చేత్తో రాసుకున్న కాగితాలూ పట్టుకుని నగరి బస్సెక్కాడు. షెడ్డులో పదహారు మగ్గాలు మోగుతున్నాయి. కుప్పయ్య తన మగ్గం ఆపి, పేపరు తీసుకుని వేలు పెట్టి లైను లైనూ వెతికాడు.

"లీడరు పేరుండాది. మా పాప పేరు యాడ సార్?"

"ఈ చెయ్యి మీ పాపదే."

"సేతిని సూసి మనిషిని గుర్తుపట్టేదానికి మా వీధోల్లేమన్నా కట్టు కట్టేవాల్లా సార్?"

"పూర్తిగా రాశానయ్యా, వాళ్లు కోసేశారు. విను." దయానంద్ కాగితాలు తీసి, మగ్గాల మోత మీద అరుస్తూ చదవసాగాడు. కుప్పయ్య చేతులు కట్టుకుని మర్యాదగా విన్నాడు. రెండో కాగితం అయ్యేసరికి షెడ్డు యజమాని గుమ్మంలో నిలబడి ఇటే చూస్తున్నాడు.

"పేరు ఎప్పుడొస్తాది సార్?"

"వస్తుంది. చివర్లో."

"అందాకా మగ్గం నిలబెట్టేదానికి కాదు సార్" అని కుప్పయ్య పిడి లాగాడు. మిగిలిన రెండు కాగితాలూ ఆ మోతలో ఎవరికీ వినపడలేదు.

మూల కూర్చుని అమల కుడిచేత్తో దారం కండెలు చుడుతోంది. కట్టు అప్పుడే మాసిపోయింది. బయటిదాకా వచ్చి సాగనంపింది.

"పోనీలే సార్. వచ్చే ఏడు ఉండాది కదా."

వచ్చే ఏటికి ఆమె ఆ శిబిరానికి పెట్టిన వయసు దాటిపోతుందని ఇద్దరికీ తెలుసు. బుధవారం దాటింది, కుప్పయ్య సంతకం పెట్టలేదు, కూతుర్ని మళ్లీ ఆటకు పంపలేదు.

డిసెంబరులో చిత్తూరులో మరో టోర్నీ జరిగింది. దయానంద్ గెలిపించిన పిల్ల పేరును మొట్టమొదటి మాటగా పెట్టి రాశాడు. మర్నాడు ప్రతాప్ ఫోన్ చేశాడు. "ఇప్పుడు దొరికింది సార్ మీకు కిటుకు. పేరు ఎట్ల నిలబడిందో సూడండి."

"సరే" అని పెట్టేశాడు.

ఆ టోర్నీలో నగరి జట్టు మొదటి రౌండులోనే ఓడిపోయింది. కూతకు వెళ్లి గీత అందుకునే పిల్ల ఆ జట్టులో లేకపోయింది. ఆ సంగతి కూడా రాశాడు, చివరి పేరాలో. అది అచ్చు కాలేదు.